నుదురు మోసిన బరువు

మనిషి ముఖాన్ని కన్నవాళ్ళకంటే నిదానంగా చూసేది కళ్ళజోళ్ళ కొట్టులో కౌంటరు మనిషే. ముక్కు దూలం ఎంత ఎత్తుంది, ఒక చెవికంటే రెండోది ఎంత కిందికి ఉంది, నవ్వితే బుగ్గ లేచి ఫ్రేముకు తగులుతుందా, ఇవన్నీ చూడకుండా జోడు అంటగడితే వారం తిరక్కుండా ఆ మనిషి ముక్కు మీద పుండుతో తిరిగొస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ పనిలోనే ఉన్న ఆవిడను కొట్టులోవాళ్ళూ, కొనేవాళ్ళూ కూడా ఫ్రేములక్క అనే పిలుస్తారు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి కౌంటరు దాకా నడిచి వచ్చేలోపే ఆవిడ చెయ్యి సరైన ట్రే మీదికి వెళ్ళిపోయేది. అలాంటి మనిషికి తన ముఖం సంగతి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

చెప్పింది మేనేజరు. నాలుగు నెలల కిందట వచ్చాడు. ముప్పై అయిదు దాటని మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. సోమవారం పొద్దున ఆవిడ ట్రేలు తుడిచి, అద్దం బల్ల మీద వేలిముద్రలు చెరుపుతుంటే, "అక్కగారూ, ఒక నిమిషం ఇలా వస్తారా" అని తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఫోను ఆవిడ వైపు తిప్పి పెట్టాడు.

ఎవరో కొట్టు గురించి రాసిన మాటలు అవి. 'కౌంటరులో పెద్దావిడ నన్ను చూసి కళ్ళు సగం మూసి, నొసలు చిట్లించింది. నేను కొనలేననుకుందేమో. ఇక ఈ కొట్టు గడప తొక్కను.'

ఫ్రేములక్క రెండుసార్లు చదివింది. "పొడుగ్గా ఉంటాడు, ఎడమ చెవి కాస్త ముందుకు ఉంటుంది. ఆ అబ్బాయేనా?"

"ఎవరైతే ఏముందండీ."

"ఆ అబ్బాయికి జోడు కాడ మూడుసార్లు వేడి చేసి వంచి ఇచ్చాను. చివరికి సరిగ్గా కుదిరితే థాంక్స్ కూడా చెప్పి వెళ్ళాడు."

"మీ పని గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. నేను మాట్లాడేది ముఖం గురించి." మేనేజరు గొంతు సవరించుకున్నాడు. చెప్పడం అతనికీ ఇబ్బందిగానే ఉంది, అయినా మానలేదు. "ఇది మూడోది అక్కగారూ. పెద్దాఫీసువాళ్ళు కెమెరాలో కూడా చూశారు. సాయంత్రం అయ్యేసరికి మీరు విసుగ్గా, చిరాగ్గా కనిపిస్తున్నారట. నుదుటి మీద ఆ గీతలు, ఆ చూపు..."

"ముఖం నా చేతుల్లో ఉండదు కదండీ."

"ఈ రోజుల్లో అదీ చేతుల్లోనే ఉంది. గీతలు పోవడానికి సూదులు ఉన్నాయి. అరగంట పని. మా అత్తగారు కూడా వేయించుకున్నారు." ఆగి, టేబుల్ మీద పెన్ను అటు నుంచి ఇటు పెట్టాడు. "వచ్చే సోమవారం నుంచి ముందు కౌంటరుకి ఇంకో అమ్మాయిని పంపిస్తారట. మిమ్మల్ని వెనక గదిలోకి మార్చమన్నారు. జీతం అదే. ఈలోపు మీరు ఏమన్నా చేయించుకుంటే, నేను వాళ్ళతో మాట్లాడి చూస్తాను. ప్రస్తుతానికి మాత్రం నాలుగు దాటాక వెనకే ఉండండి."

ఆవిడ లేచి బయటికి వచ్చింది. తుడుస్తున్న బల్ల దగ్గరికే వెళ్ళి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. ఎదురుగా కొనేవాళ్ళ కోసం పెట్టిన నిలువుటద్దం ఉంది. రోజుకు వంద ముఖాలు ఆవిడ ఆ అద్దంలోనే చూస్తుంది. తన ముఖం కనపడకుండా పక్కకు జరిగి నిలబడడం ఎప్పుడు అలవాటైందో ఆవిడకే తెలీదు. ఆ పూట మాత్రం నేరుగా చూసింది. నుదుటి మీద అడ్డంగా నాలుగు గీతలు, ఎవరో గోరుతో గీసినట్టు ఉన్నాయి.

నాలుగు గంటలకు వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ అద్దాలు అరగదీసే యంత్రం, దాని పక్కన తెల్లటి నీళ్ళ బకెట్, ఆ రెండింటికీ నడుమ అద్దాల బాబాయి ఉంటాడు. ఆయన ఆ కొట్టుకంటే పాతమనిషి. చేతిలో అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని, ఒంటికన్నుతో చూస్తూనే పక్క స్టూలు కాలితో ఆవిడ వైపు జరిపాడు. ఏమయిందని అడగలేదు. కొట్టు చిన్నది, గోడలు పల్చనివి.

ఆవిడ ముక్కు మెత్తలు బిగించే పని తీసుకుంది. ఆవగింజంత మర, దాన్ని పట్టుకునే చిన్న పట్టకారు. రెండు మూడు జోళ్ళు బాగానే అయ్యాయి. చీకటి పడే వేళకు మర ఒకటి రెండుగా కనపడసాగింది. ఆవిడ తల వెనక్కి వాల్చి, నొసలు పైకి లాగి చూసింది.

"అదిగో," అన్నాడు బాబాయి యంత్రం ఆపి. "అలాగే చూస్తావమ్మా నువ్వు. ఏడాది నుంచీ గమనిస్తున్నా. సాయంత్రమయ్యేసరికి గడ్డం పైకెత్తి, ఎత్తు మీంచి చూస్తున్నట్టు చూస్తావు. నీకు దగ్గరచూపు పవరు మారిందేమో అనుకున్నా."

"మొన్ననే చూపించుకున్నా బాబాయ్. పవరేం మారలేదన్నారు."

"మరి?"

"వయసు," అంది ఫ్రేములక్క. యాభై ఒకటి అంత పెద్ద వయసు కాదని ఇద్దరికీ తెలుసు. బాబాయి మళ్ళీ యంత్రం నొక్కాడు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త అన్నం వార్చి, కూర దించి కూర్చుని ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. పొద్దంతా ఇనుప తాళ్ళతో మాట్లాడతాడు కాబట్టి ఇంట్లో మాటలు తక్కువ అని తోటికోడలు ఎగతాళి చేస్తుంది. ఫ్రేములక్క బ్యాగు కింద పెట్టకుండానే అద్దం ముందు నిలబడి, రెండు అరచేతులతో నుదుటి చర్మాన్ని పైకి లాగి పట్టుకుంది.

"ఎవరినన్నా వెతుకుతున్నావా అందులో?" అన్నాడు భర్త.

ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"వాడి ముఖం ఎలా ఉంటుంది?" అన్నాడు చివరికి.

"బాగానే ఉంటుంది."

"ఖర్మ," అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "నీకు ఆ సూదులు వేయించుకోవాలనుంటే వేయించుకో. నేను కాదనను. వాడి కోసం మాత్రం వేయించుకోకు," అన్నాడు ఆయన. తర్వాత ఆవిడ కంచం వైపు చూశాడు. సగం అన్నం అలాగే ఉంది. ఈ మధ్య ఆవిడ రాత్రి భోజనం సగంలోనే ఆపేస్తోంది. దవడలు నొప్పెడుతున్నాయంటే పంటి నొప్పి అనుకున్నారు ఇద్దరూ.

*

తోటికోడలు ఒక బ్యూటీ పార్లరులో పదేళ్ళుగా జుట్టు కత్తిరించే పని చేస్తోంది. మంగళవారం ఫ్రేములక్కకు సగం పూట సెలవు. అక్కడికి వెళ్ళేసరికి తోటికోడలు ఒకావిడ జుట్టుకు రంగు పట్టిస్తోంది. చేతికి నల్లటి తొడుగులు, జేబులో నాలుగు దువ్వెనలు.

"ఏంటక్కా, దారి తప్పొచ్చావా?"

"మీ పార్లరులో ముడతలకి సూది వేస్తారని బోర్డు చూశాను."

తోటికోడలు చెయ్యి ఆగింది. రంగు పూసిన ఆవిడ తలకు ప్లాస్టిక్ టోపీ తొడిగి, పత్రిక చేతికిచ్చి, ఫ్రేములక్కను సామాన్లు పెట్టుకునే చిన్న గదిలోకి లాక్కెళ్ళింది. తువాళ్ళ గుట్టల మధ్య ఇద్దరూ నిలబడ్డారు.

"ఎవరికి, నీకేనా?"

ఫ్రేములక్క సంగతి చెప్పింది. తోటికోడలు తొడుగులు విప్పి చెత్తబుట్టలో గిరాటేసింది. "ఆ మేనేజరుకి నేను జుట్టు కత్తిరించే రోజు రావాలి, అంతే."

"అది తర్వాత. మీవాళ్ళ చేత వేయిస్తావా వెయ్యవా?"

"వెయ్యించను." గొంతు తగ్గించింది. "విను అక్కా. ఇక్కడికి నెలకోసారి ఒకతను పెట్టె పట్టుకుని వస్తాడు. డాక్టరో కాదో ఎవరికీ తెలీదు. కిందటి నెల సీసా చూపించమన్నా. చూపించినట్టే చూపించి జేబులో పెట్టేసుకున్నాడు. మీద కాగితం లేదు, తేదీ లేదు. పొద్దున తెరిచిన సీసాలోంచే సాయంత్రం దాకా అందరికీ వేస్తాడు. ఒకమ్మాయికి ఓ పక్క కనుబొమ అంతెత్తుకి లేచిపోయింది, రెండు నెలలు ఎవరిని చూసినా అనుమానపడుతున్నట్టే ఉండేది. నా సొంత మనిషివి నువ్వు. నిన్ను ఆ కుర్చీలో ఎలా కూర్చోబెట్టను?"

పార్లరు యజమానురాలు వింటే ఉద్యోగం పోయే మాటలు అవి. చెప్పేసి, తోటికోడలు ఫోనులోంచి ఒక నంబరు రాసిచ్చింది. "ఈవిడ చర్మం డాక్టరు. నా దగ్గరే జుట్టు కత్తిరించుకుంటుంది. గొప్పలు పోదు. అవసరం లేదంటే లేదని మొహం మీదే చెబుతుంది. వేయించుకోవాలనుంటే ఆవిడ దగ్గరే వేయించుకో. అడిగినవన్నీ దాచకుండా చెప్పు."

"దాచడానికి నా దగ్గరేముంది," అంది ఫ్రేములక్క.

*

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, మూడింటికి ఆ చర్మం డాక్టరు క్లినిక్కుకి వెళ్ళింది. గోడలు తెల్లగా ఉన్నాయి, ఏ వాసనా లేదు. నర్సు రెండు పేజీల కాగితం, పెన్ను ఇచ్చింది. ఏ మందులు వాడుతున్నారు, రక్తం పల్చబడే మాత్రలు ఉన్నాయా, ఇంతకుముందు ఏదన్నా సూదికి ఒళ్ళు పొంగిందా, ఇలా వరసగా ప్రశ్నలు. రెండో పేజీలో ఇంకొన్ని ఉన్నాయి. మింగడం కష్టంగా ఉంటుందా. సాయంత్రానికి కనురెప్పలు వాలతాయా. ఒకటి రెండుగా కనిపిస్తుందా. నమిలేటప్పుడు దవడలు అలిసిపోతాయా.

ఫ్రేములక్క పెన్ను అక్కడ ఆగింది. అవునని టిక్కు పెడితే కుదరదని పంపేస్తారేమో. సోమవారానికి ఇంక అయిదు రోజులే ఉంది. అన్నింటికీ 'లేదు' అని టిక్కు పెట్టేసి కాగితం ఇచ్చేసింది.

డాక్టరు ఆవిడ ఈడుదే. తెల్లకోటు చేతులు మోచేతి దాకా మడిచింది. ముక్కు మీంచి జారుతున్న జోడు ఎగదోసుకుంటూ కాగితం చదివింది. ఎందుకు వేయించుకోవాలనుకుంటున్నారని అడిగితే ఫ్రేములక్క ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరు ముఖంలో ఏదో కదిలింది కానీ మేనేజరును ఒక్క మాటా అనలేదు.

"ఈ సూది గురించి మీకేం తెలుసు?"

"ముడతలు పోతాయని."

"ముడతని పూడ్చదు ఇది. ముడత వేసే కండరం ఉంటుంది కదా, దాన్ని కొన్నాళ్ళు నిద్రపుచ్చుతుంది. వేసిన నాలుగైదు రోజులకి మొదలై, రెండు వారాలకి పూర్తిగా కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకి ఆ కండరం మళ్ళీ లేస్తుంది, ముడత కూడా దాంతోపాటే వస్తుంది. కొందరికి వేసిన చోట కమిలిపోతుంది, తలనొప్పి వస్తుంది. మందు పక్కకి పాకితే రెప్ప వాలిపోవచ్చు. అందుకే ముందు ముఖం చూడాలి. మీ పనిలోనూ అంతేగా?"

"అంతేనండి. ముందు ముఖమే."

"కనుబొమలు పైకెత్తండి. దించండి. ఇంకాస్త దించండి." డాక్టరు దగ్గరికి జరిగింది. "మీరు దించడం లేదు."

"దించానండి."

డాక్టరు రెండు బొటనవేళ్ళూ ఆవిడ కనుబొమల మీద పెట్టి మెల్లగా నొక్కిపట్టింది. "ఇప్పుడు కళ్ళు బాగా తెరవండి."

ఫ్రేములక్క తెరిచింది. తెరిచాననే అనుకుంది. కానీ ఎదురుగా ఉన్న డాక్టరు ముఖంలో గడ్డం మాత్రమే కనిపించింది. పైభాగాన్ని ఏదో తెర కప్పేసింది. ఆ తెర తన రెప్పలేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

డాక్టరు వేళ్ళు తీసేసింది. తీయగానే నుదురు దానంతటదే పైకి లేచింది, నాలుగు గీతలూ వచ్చి వాటి వాటి చోట్ల నిలబడ్డాయి, కళ్ళు తెరుచుకున్నాయి.

"ఇప్పుడు నా వేలు చూడండి. తల ఎత్తకూడదు, కళ్ళతోనే పైకి చూస్తూ ఉండండి. నేను ఆపమనేదాకా."

గోడ మీద గడియారం ముల్లు తిరుగుతోంది. అర నిమిషం బాగానే ఉంది. తర్వాత కుడి రెప్ప బరువెక్కింది. నిమిషం అయ్యేసరికి రెండూ దిగిపోయాయి, కుడిది మరీ ఎక్కువ. ఒక వేలు రెండు వేళ్ళయింది.

"రెండుగా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అంది ఫ్రేములక్క. తర్వాత నెమ్మదిగా, "నేను ఆ కాగితంలో అబద్ధం రాశానండి," అంది.

"తెలుసు. టిక్కులన్నీ ఒకే ఊపులో పెట్టారు." డాక్టరు కోప్పడలేదు. "నిజం ఇప్పుడు చెప్పండి."

చెప్పింది. సాయంత్రానికి దవడలు నొప్పెట్టడం, సగంలో ఆపేసే అన్నం, రెండుగా కనిపించే మరలు, పొద్దున లేచేసరికి ఏమీ లేనట్టు ఉండడం. ఒక్కొక్కటి విడిగా ఎంత చిన్నవో, పక్కపక్కన పెడితే అంత పెద్దవయ్యాయి. డాక్టరు నర్సును పిలిచింది. సూది నొప్పి తెలియకుండా పెట్టే మంచుగడ్డల సంచి ఉంటుంది కదా, అది తెమ్మంది. పల్చటి గుడ్డలో చుట్టి ఫ్రేములక్క కుడి రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టించింది. నర్సు ఒక చేత్తో మంచు, రెండో చేత్తో ఆవిడ భుజం పట్టుకుని నిలబడింది. చల్లదనానికి కాదు, ఆ రెండో చేతికి ఫ్రేములక్క కళ్ళు చెమ్మగిల్లాయి.

మంచు తీసి అద్దం చేతికిచ్చారు. కుడి కన్ను పెద్దగా, నిండుగా తెరుచుకుని ఉంది. నాలుగైదేళ్ళ కిందటి కన్ను అది. ఎడమది ఇంకా సగం వాలి ఉంది. పక్కపక్కన రెండు కళ్ళు ఇద్దరు మనుషులవిలా ఉన్నాయి.

"కొద్ది సేపే ఉంటుంది ఇది. కానీ నాకు కావాల్సింది తెలిసింది," అంది డాక్టరు. "మీకు ఈ సూది నేను వెయ్యను. ఇంకెవరి చేతా వేయించుకోకండి. మీ కండరాలు పని చేసేకొద్దీ త్వరగా అలిసిపోతున్నాయి. దానికి పేరున్న జబ్బు ఉంది, మందులూ ఉన్నాయి, కానీ అదేనని చెప్పాల్సింది నరాల డాక్టరు. ఇలాంటి జబ్బులో ఈ సూది పడితే రెప్పలతో ఆగకపోవచ్చు. మింగడం, ఊపిరి తీసుకోవడం దాకా వెళ్ళొచ్చు."

ఫ్రేములక్క చేతిలో అద్దం అలాగే ఉంది. "మరి ఈ గీతలో?"

"రెప్పలు లేవనంటుంటే మీ నుదురు వాటిని మోస్తోందమ్మా. పొద్దుటి నుంచి రాత్రి దాకా. నేను ఆ నుదుటినే నిద్రపుచ్చి ఉంటే మీరు కళ్ళు తెరవలేకపోయేవాళ్ళు."

ఫ్రేములక్క నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. మూడు రోజులుగా ఎక్కడ కనపడితే అక్కడ తిట్టుకుంటున్న గీతలు. వాటి మీద వేళ్ళు ఆనించి, పసివాడి వీపు నిమిరినట్టు నిమిరింది.

డాక్టరు అక్కడే నిలబడి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు ఫోను చేసింది. రేపు పొద్దున తొమ్మిదింటికి చూస్తామన్నారు. ఈలోపు మింగడానికి గాని ఊపిరికి గాని కాస్త ఇబ్బందనిపించినా పొద్దుటి దాకా ఆగొద్దని, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళమని రెండుసార్లు చెప్పి, చీటీ రాయడానికి వంగితే జోడు మళ్ళీ జారింది.

"ఒకసారి ఇలా ఇవ్వండి అది," అంది ఫ్రేములక్క.

డాక్టరు తీసి ఇచ్చింది. ఫ్రేములక్క బ్యాగులోంచి చిన్న మర తిప్పే పుల్ల తీసింది. కాడల మరలు బిగించింది. ముక్కు మెత్తలు రెండూ ఒక వెంట్రుకవాసి లోపలికి నొక్కింది. కాడ చివరలను అరచేతి వేడిలో కాసేపు ఉంచి, చెవి వెనక వంపు సరిచేసి, తనే డాక్టరుకు తొడిగి చూసింది. డాక్టరు తల వంచింది, ఊపింది. జోడు కదల్లేదు.

"రెండేళ్ళ నుంచి ఎగదోస్తూనే ఉన్నాను," అంది డాక్టరు. ఇద్దరూ నవ్వారు.

*

గురువారం భర్త పని మానేసి వెంట వచ్చాడు. నరాల డాక్టరు గంటసేపు చూశాడు. చేతులు చాపి ఉంచమన్నాడు, యాభై దాకా గట్టిగా లెక్కపెట్టమన్నాడు, ముఖానికి తీగలంటించి చిన్న చిన్న షాకులు ఇచ్చి తెర మీద గీతలు చదివాడు. రక్తం తీసుకున్నారు. గుండె పైన ఉండే ఒక గ్రంథి వల్ల కూడా ఈ జబ్బు రావచ్చని ఛాతీకి స్కానింగ్ తీయించారు. శుక్రవారం సాయంత్రం ఆ స్కానింగ్ శుభ్రంగా ఉందని చెప్పారు. జబ్బు పేరు చీటీ మీద రాసిచ్చి, పూర్తిగా పోతుందని మాటివ్వలేనని, మందులతో చాలామంది మామూలుగా బతుకుతున్నారని, త్వరగా దొరకడం అదృష్టమని నరాల డాక్టరు అన్నాడు.

"ఎలా కనిపెట్టారు దీన్ని? మా దగ్గరికి వచ్చేసరికి కొందరికి ఏళ్ళు పడుతుంది," అని అడిగాడు.

"ముడతలు తీయించుకుందామని వెళ్ళానండి," అంది ఫ్రేములక్క.

ఆయన పెన్ను పక్కన పెట్టి చూశాడు. భర్త కిటికీ వైపు తిరిగాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆవిడకు వెనక నుంచి తెలియలేదు.

ఆ రాత్రి భోజనానికి అరగంట ముందు తెల్లటి చిన్న మాత్ర వేసుకుంది. భర్త ఎదురుగా కూర్చుని, లిఫ్టు పరీక్షించేవాడు అంతస్తుల అంకెలు చూసినట్టు, రెప్ప వేయకుండా ఆవిడ ముఖమే చూశాడు. అన్నం కంచంలో మొదటి ముద్ద, రెండో ముద్ద, పదో ముద్ద. దవడ ఆగలేదు. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.

"కొంచెం ఉంచు, నేనింకా తినలేదు," అన్నాడు భర్త.

*

శనివారం కొట్టుకు వెళ్ళింది. కౌంటరులో ట్రేలు తుడుస్తుంటే మేనేజరు వచ్చి ఆగిపోయాడు. ఆవిడ ముఖాన్ని అటు నుంచి ఇటు చూశాడు. గీతలు పూర్తిగా పోలేదు, కానీ లోతు తగ్గాయి. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"చాలా బాగా వచ్చిందక్కగారూ," అన్నాడు. "నేను చెప్పలేదూ. పెద్దాఫీసువాళ్ళతో ఇవాళే మాట్లాడతాను." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎక్కడ వేయించుకున్నారు? నాకూ ఇక్కడ..." కనుబొమల మధ్య నిలువుగా ఉన్న రెండు గీతల మీద వేలు పెట్టుకున్నాడు. "మొన్న మీటింగులో మా పైవాడు అందరి ముందూ అన్నాడు, నీ ముఖం చూస్తే కొనడానికొచ్చినవాడు పారిపోతాడని."

ఆవిడ అతని వైపు చూసింది. నాలుగు నెలల్లో మొదటిసారి, కౌంటరుకు వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. మంచి నిద్ర లేని కళ్ళు. పళ్ళు బిగించి బిగించి బిరుసెక్కిన దవడ.

"కూర్చోండి," అంది, కొనేవాళ్ళ కుర్చీ చూపించి. అతను కూర్చున్నాడు.

"నేను వేయించుకోలేదు. నాకు వెయ్యనన్నారు." జబ్బు సంగతి, నుదురు సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. అతని వేలు కనుబొమల మధ్య నుంచి మెల్లగా దిగిపోయింది.

"నాకు తెలీదండి," అన్నాడు. "నేను ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది."

"మీరు అనబట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అది నిజం. అలాగని ఆ మాట మంచిదైపోదు. అదీ నిజమే."

అతను తలూపాడు.

"మీకు కావాలంటే నంబరిస్తాను. వేయించుకోవడం తప్పేం కాదు, మీ ముఖం మీ ఇష్టం. కాకపోతే వేసేవాళ్ళు డాక్టరేనా అని అడగండి. సీసా మీ కళ్ళ ముందు తెరవమనండి, మీద పేరు, తేదీ చదువుకోండి. కాగితం ఇస్తే నాలాగా టిక్కులు పెట్టేయకుండా నిజం రాయండి. వేశాక ఆ పూట ముఖం రుద్దకండి, నాలుగు గంటలు పడుకోకండి. ఇవన్నీ చేశాక కూడా మీ పైవాడు ఇంకేదో అంటాడు, దానికి మాత్రం సూది లేదు."

మేనేజరు నవ్వబోయి, నవ్వలేక, తల వంచుకున్నాడు.

"ఇక నా సంగతి," అంది ఫ్రేములక్క. "మాత్రలతో బాగానే ఉంటాను. కొన్ని సాయంత్రాలు మాత్రం రెప్ప వాలుతుంది. వాలినప్పుడు పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటాను. వెనక గదిలో కాదు, ఇక్కడే. అది కుదిరితే నేను ముందు కౌంటరులో ఉంటాను. కుదరదంటే డాక్టరు చీటీ ఉంది, పెద్దాఫీసుకి నేనే రాస్తాను."

"వద్దండి," అన్నాడు మేనేజరు లేస్తూ. "నేను రాస్తాను." తన గదిలోకి వెళ్ళి తలుపు తెరిచే ఉంచాడు. అతను ఫోనులో మాట్లాడుతుండడం, మధ్యలో రెండుసార్లు "లేదు సార్, ఆవిడే ఉంటారు" అనడం బయటికి వినిపించింది. వెనక గదిలో యంత్రం కాసేపు ఆగింది. అద్దాల బాబాయి కూడా వింటున్నాడు.

సాయంత్రం రద్దీ మొదలైంది. ఒక పెద్దావిడ దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే జోడు కావాలని వచ్చింది. గుండ్రటి ముఖం, చిన్న ముక్కు. ఫ్రేములక్క ఆరు ఫ్రేములు తీసి, నాలుగు పక్కన పెట్టి, మిగతా రెండింటి మధ్య ఆలోచిస్తుండగా కుడి రెప్ప బరువెక్కింది. నుదురు అలవాటు కొద్దీ లేవబోయింది. ఆవిడ దాన్ని లేవనివ్వలేదు.

"అమ్మా, నా రెప్పలు అలిసిపోయాయి. పది నిమిషాలు కళ్ళు మూసుకుంటాను. ఉంటారా, ఇంకొకరిని పిలవనా?"

"ఉంటాన్లే తల్లీ," అంది పెద్దావిడ. "నడుం పీకేస్తోంది, నేనూ కూర్చుందామనే చూస్తున్నా."

ఇద్దరూ గోడవారన ఉన్న బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. ఫ్రేములక్క కళ్ళు మూసుకుని నుదురు పూర్తిగా వదిలేసింది. అంతమంది మధ్య, అంత వెలుగులో అలా కూర్చోవడం ఆవిడకు ఇరవై రెండేళ్ళలో ఇదే మొదలు. ఎవరో ట్రేలు జరుపుతున్నారు. ఎవరో పిల్లాణ్ణి అద్దం ముట్టుకోవద్దని కసురుతున్నారు. ఉద్యోగం లెక్కచేయకుండా తువాళ్ళ మధ్య నిజం చెప్పిన తోటికోడలు గుర్తొచ్చింది. మంచు పట్టుకున్న నర్సు రెండో చెయ్యి గుర్తొచ్చింది. ఆ నర్సు పేరు కూడా అడగలేదు. రేపు ఆదివారం, సోమవారం వెళ్ళి అడగాలి అనుకుంది.

కౌంటరు దగ్గర ఎవరో కొత్తాయన తొందరపెడుతున్నాడు, తనకు ఏ ఫ్రేము బాగుంటుందో త్వరగా చెప్పమంటున్నాడు. మేనేజరు గొంతు వినిపించింది.

"కొంచెం ఆగండి సార్. ఏవో నాలుగు చూపించడమైతే నేనూ చూపిస్తాను. మీ ముఖానికి ఏది నప్పుతుందో మాత్రం మా ఫ్రేములక్క చూస్తేగానీ తెలీదు."

ఫ్రేములక్క విన్నది. కళ్ళు మాత్రం తెరవలేదు. పది నిమిషాల్లో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి.